ఏ పార్టీలో చేరాలి అని అడిగే స్టూడెంట్స్ కోసం

"అక్కా, నాకు పాలిటిక్స్ అంటే ఇంట్రెస్ట్, ఏ పార్టీలో చేరమంటారు?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. డిగ్రీ సెకండియర్ వాళ్ళు, బీటెక్ వాళ్ళు, పీజీలో చేరి హాస్టల్ రూమ్ ఇంకా సర్దుకోని వాళ్ళు కూడా. అడగడం మంచిదే, నాకు సంతోషం కూడా, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఇరవై ఏళ్ళ పిల్ల ఈ మాట అంటే చాలు అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, నాన్న ముందు బ్యాక్‌లాగ్స్ సంగతి చూడమంటాడు, పెదనాన్న వచ్చి ఊళ్ళో రాజకీయాల్లో తిరిగి రెండెకరాలు అమ్ముకున్న ఎవరిదో కథ చెప్తాడు. అవన్నీ దాటుకుని అడుగుతున్నారు.

నేను చెప్పేది ఒకటే. పార్టీతో మొదలెట్టకండి. మీ కళ్ళ ముందున్న ఒక్క సమస్య తీసుకోండి, ఎంత చిన్నదైనా సరే, దాన్ని కాగితం మీద పెట్టి, జనాన్ని కూడగట్టి, ఆఫీసర్ టేబుల్ దాకా తీసుకెళ్ళి, అది తేలేదాకా వదలకండి. ఆ పని ఒక్కసారి చేసినవాళ్ళు తర్వాత ఏ పార్టీకి వెళ్ళినా వాళ్ళ మాటకి ఒక విలువ ఉంటుంది. చెయ్యకుండా వెళ్ళినవాళ్ళు లీడర్ గారి పుట్టినరోజు ఫ్లెక్సీలో మూడో వరస ఫొటోగా ఉండిపోతారు, నాలుగైదేళ్ళు తిరిగాక ఆ ఫొటో కూడా ఉండదు. నా క్లాస్‌మేట్స్‌లో రెండు రకాలవాళ్ళనీ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

మనకి స్టూడెంట్ రాజకీయాల చరిత్ర లేదని ఎవరూ అనలేరు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రోడ్డెక్కినవాళ్ళలో కాలేజీ పిల్లలే ఎక్కువ, ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారు, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిందంటే దాని వెనక ఆ ప్రాణాలున్నాయి. 1969లో ఖమ్మంలో ఒక స్టూడెంట్ నిరాహారదీక్షతో రాజుకున్నది ఉస్మానియాకి పాకి తెలంగాణ ఉద్యమం అయింది, మూడేళ్ళకి అటు జై ఆంధ్ర. మళ్ళీ 2009లో కేసీఆర్ నవంబర్ 29న దీక్షకి దిగిన దగ్గర్నుంచి డిసెంబర్ 9 రాత్రి ప్రకటన వచ్చేదాకా ఆ రోజుల్ని చాలావరకు మోసింది ఉస్మానియా, కాకతీయ హాస్టళ్ళే. అంటే పెద్ద విషయం వచ్చినప్పుడల్లా మన స్టూడెంట్స్ ముందే ఉన్నారు. వచ్చిన చిక్కంతా మధ్య రోజుల్లో. ఉద్యమం లేని మామూలు రోజుల్లో స్టూడెంట్‌కి రాజకీయం నేర్చుకునే చోటు ఏది?

ఒకప్పుడు ఉండేది. వెంకయ్య నాయుడు నెల్లూరు వీఆర్ కాలేజీ స్టూడెంట్ యూనియన్ ప్రెసిడెంట్‌గా గెలిచి, 1973-74లో ఆంధ్ర యూనివర్సిటీ కాలేజీల యూనియన్ ప్రెసిడెంట్ అయ్యాడు. చంద్రబాబు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో స్టూడెంట్ లీడర్‌గా తిరిగి 1978కల్లా చంద్రగిరి ఎమ్మెల్యే. మన సీతారాం ఏచూరి ఢిల్లీ వెళ్ళి జేఎన్‌యూలో మూడుసార్లు యూనియన్ ప్రెసిడెంట్ అయ్యాడు. వీళ్ళ రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, ఒకళ్ళకొకళ్ళకి అస్సలు పడని పార్టీలు. అయినా ముగ్గురూ ఓటు అడగడం నేర్చుకున్నది తోటి స్టూడెంట్స్ దగ్గరే. రోజూ క్యాంటీన్‌లో కనిపించే మనిషి దగ్గరికెళ్ళి ఓటెయ్యమని అడగడం, వాడు మొహం మీదే వెయ్యను అంటే ఎందుకు వెయ్యవు అని కూర్చుని మాట్లాడటం, ఇది వేరే ఎక్కడా దొరకని చదువు.

1980ల చివర్నుంచి మన స్టేట్ యూనివర్సిటీల్లో ఆ ఎన్నికలు లేవు. ఆపడానికి చెప్పిన కారణం గొడవలు, అది అబద్ధం కూడా కాదు, క్యాంపస్‌ల్లో కత్తులు దిగిన కాలం ఉంది. ఉస్మానియాలో ఫిజిక్స్ గోల్డ్ మెడలిస్ట్ జార్జి రెడ్డిని 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లోనే పొడిచి చంపారు. ఆ భయం తల్లిదండ్రుల్లో ఇప్పటికీ ఉంది, ఉండటం న్యాయం కూడా. కానీ ఎన్నికలు ఆపేస్తే గొడవలు పోయాయా అంటే పోలేదు, కులం పోయిందా, డబ్బు పోయిందా, ఏదీ పోలేదు, పోయింది ఓటు ఒక్కటే.

దీనికి మందు కూడా ఎప్పుడో రాసిపెట్టారు. సుప్రీంకోర్టు చెప్తే మాజీ చీఫ్ ఎలక్షన్ కమిషనర్ లింగ్డో అధ్యక్షతన ఒక కమిటీ వేశారు, 2006లో రిపోర్ట్ వచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్ 22న కోర్టు అమలు చెయ్యమంది. అందులో ఏముందో ఒకసారి చూడండి. ఒక్కో క్యాండిడేట్ ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ప్రింట్ పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే. 75 శాతం అటెండెన్స్ ఉండాలి, పోటీ చేసే ఏడాది సబ్జెక్టులు మిగిలిపోయి ఉండకూడదు, క్రిమినల్ రికార్డ్ ఉండకూడదు, ఆఫీస్ బేరర్‌గా ఒక్కసారే ఛాన్స్, నామినేషన్ దగ్గర్నుంచి రిజల్ట్ దాకా పది రోజుల్లో ముగించాలి. డబ్బు, రౌడీయిజం, ఎనిమిదేళ్ళు క్యాంపస్ వదలని సీనియర్లు, మనవాళ్ళు భయపడే ప్రతిదానికీ అందులో ఏదో ఒక రూల్ ఉంది. వాతావరణం బాగోలేని చోట కొన్నాళ్ళు నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చని కూడా అన్నారు, అయితే అది తాత్కాలికమే అని స్పష్టంగా రాశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, అదే సిటీలో ఉస్మానియాలో జరగవు. ఒక తరం ఓటు లేకుండా వెళ్ళిపోయింది, రెండో తరం కూడా వెళ్ళిపోతోంది, వాళ్ళకి పోయింది ఏంటో కూడా తెలియట్లేదు, నాకు నిజంగా బాధ కలిగేది అక్కడ.

ఎన్నికలు లేనప్పుడు స్టూడెంట్‌కి మిగిలేవి రెండే. ధర్నా, లేదా లీడర్ వెనక తిరగడం. రెండిట్లోనూ స్టూడెంట్ అవసరం తలకాయల లెక్కకే. 2009 నుంచి 2014 దాకా తెలంగాణ కోసం పెట్టుకున్న ఉస్మానియా స్టూడెంట్ సంఘాల ఉమ్మడి కమిటీ, అంటే జేఏసీలో తిరిగినవాళ్ళలో బాల్క సుమన్ పెద్దపల్లి ఎంపీ అయ్యాడు, గాదరి కిషోర్ తుంగతుర్తి ఎమ్మెల్యే అయ్యాడు, ఇంకో నలుగురైదుగురి పేర్లు చెప్పుకోవచ్చు. మిగతా వేలమంది? కేసులు ఎత్తెయ్యమని ఏళ్ళ తరబడి సెక్రటేరియట్ చుట్టూ తిరిగినవాళ్ళు ఉన్నారు, నోటిఫికేషన్ కోసం చూసి చూసి ఏజ్ బార్ అయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చేసింది తప్పని నేను అనను, అనే అర్హత కూడా నాకు లేదు. వాళ్ళ చేతిలో ధర్నా తప్ప ఇంకో పనిముట్టు లేకుండా చేసిన పద్ధతి తప్పు అంటున్నా.

సరే మరి ఎన్నికలు లేవు, ఇప్పుడేం చెయ్యాలి? మా హాస్టల్ సంగతి చెప్తాను, కొంచెం వివరంగా, ఎందుకంటే రాజకీయం అంటే ఏంటో నాకు అర్థమైంది అక్కడే.

మాది ఒక స్టేట్ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్, మెస్ డివైడింగ్ సిస్టమ్. తెలియనివాళ్ళ కోసం: నెలలో మెస్‌కి అయిన ఖర్చు, బియ్యం పప్పు నూనె గ్యాస్ పాలు కూరగాయలు వంటవాళ్ళ జీతాలు, మొత్తం కలిపి, ఆ నెల అందరం తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజుకింత అని రేటు వస్తుంది. ఎవరు ఎన్ని రోజులు తింటే అన్ని రోజులకి బిల్లు. స్కాలర్‌షిప్‌లో మెస్ చార్జీల కింద వచ్చేది పోగా మిగతాది మన నెత్తిన, కట్టకపోతే డ్యూస్, డ్యూస్ ఉంటే హాల్ టికెట్ ఆపుతారు. నోటీసు బోర్డు మీద పద్దుల వారీగా ఒక కాగితం అంటించేవాళ్ళు, మేం అందరం మన పేరు ఎదురుగా ఎంత పడిందో చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళమే తప్ప పైన పద్దులు ఎవరూ చదివేవాళ్ళు కాదు.

ఒక సంక్రాంతి నెల, సగం మంది మెస్ కట్ పెట్టుకుని ఊళ్ళకి పోయారు, తిరిగొచ్చేసరికి రోజు రేటు బాగా పెరిగి ఉంది. వార్డెన్ మేడమ్ "తినేవాళ్ళు తగ్గితే రేటు పెరుగుతుందమ్మా, జీతాలు ఎప్పుడూ ఉండేవే కదా" అంది. అది కొంతవరకు నిజమే. కానీ మా పక్క రూమ్ ఎంకామ్ అమ్మాయి ఆ కాగితం ముందు నోట్‌బుక్ పట్టుకుని నిలబడి, జీతాలూ గ్యాసూ పక్కనపెట్టి మిగతా పద్దులు ఒక్కోటీ రాసుకుంది. కూరగాయలు తగ్గాయి, పప్పు తగ్గింది, పాలు మాత్రం ముందు నెల ఎన్ని లీటర్లో ఈ నెలా అన్నే, సగం హాస్టల్ ఖాళీగా ఉన్నా ఒక్క లీటరు తగ్గలేదు.

అంతకుముందు ఏడాది మెస్ బాగోలేదని సీనియర్లు ప్లేట్లు పట్టుకుని వీసీ లాడ్జ్ ముందు రాత్రిదాకా కూర్చున్నారు, రిజిస్ట్రార్ వచ్చి చూస్తాం అన్నాడు, వారం రోజులు కూర బాగుంది, తర్వాత మామూలే. ఈసారి ప్లేట్లు ఎత్తలేదు. స్టాక్ రిజిస్టర్, పాల బిల్లుల కాపీలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాం. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, తెల్లకాగితం, అంతే ఖర్చు. (ఆంధ్రలో అయితే ఊరి స్థాయి ఆఫీసుకి ఫీజే లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, మిగతా వాటికి పది. తెల్లకార్డు ఇళ్ళవాళ్ళకి ఎక్కడా ఫీజు లేదు.) ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వలేదు, ఫస్ట్ అప్పీల్ వేశాం, అప్పుడు పిలిచి కాపీలు ఇచ్చారు.

అయితే కాపీలు వచ్చినంత మాత్రాన ఏదీ మారలేదు. హాస్టల్ కమిటీ ముందు పెట్టాలంటే సంతకాలు కావాలి, అసలు పని అక్కడ మొదలైంది. మా హాస్టల్లో అందరం ఒకటి కాదు. రెండు యూనియన్ల అమ్మాయిలు ఒకళ్ళ కాగితం మీద ఇంకొకళ్ళు సంతకం పెట్టరు. ఏ కులం అమ్మాయిలు ఏ బ్లాక్‌లో ఎక్కువో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు వాళ్ళకి బిల్లు నాన్న కట్టేస్తాడు, వాళ్ళకి పట్టదు. స్కాలర్‌షిప్ మీద బతికేవాళ్ళకి పడుతుంది గానీ వాళ్ళకే భయం ఎక్కువ. ఒక్కో రూమ్‌కీ ఒక్కో మాట మాట్లాడాల్సి వచ్చింది. ఒకచోట డబ్బు సంగతి, ఒకచోట "మీ యూనియన్ పేరు పైన రాయం, ఎవరి పేరూ రాయం" అని ఒప్పందం, ఒకచోట ఊరికే కూర్చుని వాళ్ళ వేరే కష్టాలు వినడం. ఒక పీహెచ్‌డీ అక్క ఉండేది, ఆమె గైడ్ హాస్టల్ కమిటీలో మెంబర్, సంతకం పెట్టనని చెప్పేసింది, మాలో ఒకమ్మాయి చిన్నబుచ్చుకుంది కూడా. ఆ రాత్రి ఆ అక్కే మా రూమ్‌కి వచ్చి ఒక ఫైల్ ఇచ్చింది, తను హాస్టల్లో చేరినప్పట్నుంచి దాచుకున్న మెస్ నోటీసులన్నీ అందులో ఉన్నాయి. ఏ సంతకం కన్నా అదే మాకు ఎక్కువ పనికొచ్చింది, పాల లెక్క ఒక్క సంక్రాంతిదే కాదని అందులో తేలింది. మనిషి ఎంత ఇవ్వగలదో అంత తీసుకోవాలి, ఇవ్వలేనిదాని కోసం దూరం చేసుకోకూడదు అని నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, అక్కడ తెలిసింది.

చివరికి ఏమైందంటే, ఉదయం పాలు దించేటప్పుడు ఆ రోజు హాజరు చూసి ఇద్దరు స్టూడెంట్స్ సంతకం పెట్టాలి అని కమిటీ ఒప్పుకుంది. రేటు తగ్గింది, మరీ ఎక్కువేం కాదు, రోజుకి ఒక టీ ఖర్చంత. మెస్ కాంట్రాక్టర్‌ని మార్చలేదు, ఎవరి మీదా చర్య లేదు. కానీ ఆ రెండు యూనియన్ల అమ్మాయిలు తర్వాత హాస్టల్ గేట్ టైమింగ్స్ విషయంలో కలిసి కూర్చున్నారు, మెస్ పని జరగకపోతే అది జరిగేది కాదు.

మీరు ప్రైవేట్ కాలేజీలో ఉన్నా దారులున్నాయి, అసలు మన స్టూడెంట్స్‌లో ఎక్కువమంది ఉన్నది అక్కడే. 2023 యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి సంస్థలో స్టూడెంట్ గ్రీవెన్స్ రిడ్రెసల్ కమిటీ ఉండాలి, అందులో ఒక స్టూడెంట్‌ని కూర్చోబెట్టాలి, పైన అప్పీల్ వినే ఆంబుడ్స్‌పర్సన్ ఉండాలి. లైంగిక వేధింపుల మీద ఇంటర్నల్ కమిటీలో, 2015 రెగ్యులేషన్స్ ప్రకారం, స్టూడెంట్స్‌కి సంబంధించిన విషయమైతే యూజీ, పీజీ, రీసెర్చ్ నుంచి ఒక్కొక్కళ్ళు, మొత్తం ముగ్గురు ఎన్నికైన స్టూడెంట్స్ ఉండాలి. ఎన్నికైన అని రాసుంది. మీ కాలేజీలో ఆ ముగ్గురు ఎవరు, ఎప్పుడు ఎన్నికయ్యారు అని ప్రిన్సిపల్‌కి మర్యాదగా ఒక లెటర్ పెట్టండి, చాలా చోట్ల ఆ లెటర్ వచ్చాకే కమిటీ పుడుతుంది. అలాగే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఒరిజినల్స్ పట్టుకుని కూర్చునే కాలేజీలు ఉన్నాయి, సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ నోటిఫికేషన్ కాపీ పట్టుకుని ఒక్కళ్ళు వెళ్తే కసురుతారు, అదే బ్యాచ్‌లో బకాయి ఉన్న అందరి పేర్లూ, ఎవరికి ఏ ఏడాదిది ఎంత రావాలో జాబితాతో వెళ్తే కూర్చోమంటారు.

ఇక ఓటు. పద్దెనిమిది నిండగానే ఫారం 6 పెట్టడం అందరికీ తెలుసు, ఇప్పుడు పదిహేడు నిండినా ముందే అప్లై చేసుకోవచ్చు, ఏడాదిలో జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖులు నాలుగూ లెక్కలోకొస్తాయి. కానీ చాలామందికి తెలియని విషయం, హాస్టల్లో ఉండేవాళ్ళు కావాలంటే హాస్టల్ అడ్రస్ మీదే ఓటు పెట్టుకోవచ్చు, కోర్సు కనీసం ఏడాదిది అయ్యుండాలి, కాలేజీ నుంచి బోనఫైడ్ జత చెయ్యాలి. లేదా ఊళ్ళోనే ఉంచుకోవచ్చు. రెండుచోట్లా మాత్రం కుదరదు. నన్నడిగితే స్టూడెంట్ తీసుకునే మొదటి రాజకీయ నిర్ణయం ఇదే, మీ రాజకీయం ఎక్కడ అన్నది దీంతోనే తేలుతుంది.

ఒక పోలింగ్ బూత్‌లో మామూలుగా వెయ్యి, పన్నెండొందల ఓట్లుంటాయి. అందులో మూడొందలు మీ హాస్టల్‌వే అయితే గేట్ ముందు వీధిలైట్లు, చివరి బస్సు టైమింగ్, మంచినీళ్ళ ట్యాంకర్, వీటి కోసం కార్పొరేటర్ మీ దగ్గరికి వస్తాడు. ఓట్లన్నీ ఊళ్ళల్లో ఉంటే మీరు ఆ డివిజన్‌లో లేనట్టే లెక్క. అదే మీ మనసు ఊరి మీద ఉంటే ఓటు అక్కడే ఉంచండి, ఎందుకంటే పంచాయతీలో పోటీ చెయ్యాలంటే ఆ పంచాయతీ ఓటరై ఉండాలి. ఎమ్మెల్యేకి 25 ఏళ్ళు కావాలి గానీ వార్డు మెంబర్‌కీ సర్పంచ్‌కీ 21 చాలు. చదువుకుంటూ పోటీ చెయ్యకూడదని చట్టంలో ఎక్కడా లేదు. పీజీలో ఉన్న అమ్మాయి వార్డు మెంబర్‌గా నామినేషన్ వేస్తే ఊళ్ళో నవ్వేవాళ్ళు ఉంటారు, ఏకగ్రీవం పేరుతో పదవికి వేలంపాట పెట్టే ఊళ్ళలో ఒత్తిడి కూడా వస్తుంది, అయినా వెయ్యాలి. ఓడినా ఊళ్ళో ఎన్ని గడపలు మీకు తెలియవో తెలుస్తుంది.

పోటీ దాకా వద్దనుకుంటే గ్రామసభకి వెళ్ళండి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు ఆ పని చేసింది ఎవరు? కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఇన్ని రోజులు పనిచేసినట్టు ఉంది, నిజమేనా, ఇంత డబ్బు ముట్టినట్టు ఉంది, ముట్టిందా అని చదివి వినిపించారు. చనిపోయినవాళ్ళ పేర్లు, ఊరే విడిచి వెళ్ళినవాళ్ళ పేర్లు మస్టర్లలో బయటపడ్డాయి. తర్వాత గ్రామసభ, దాని తర్వాత మండలంలో ప్రజావేదిక, అక్కడ ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గర్నుంచి పై ఆఫీసర్ల దాకా జనం ముందు జవాబు చెప్పాలి. దేశం మొత్తం వచ్చి మన దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. సెలవుల్లో ఊరికెళ్ళినప్పుడు పంచాయతీ ఆఫీసులో కూర్చుని ఒక రోడ్డు పని ఎస్టిమేట్ చదవడానికి ఏ పార్టీ సభ్యత్వం అక్కర్లేదు.

పెద్ద విషయాల్లో స్టూడెంట్స్ ఎలా నెగ్గుతారో చూడాలంటే కంచ గచ్చిబౌలి చూడండి. 2025 మార్చి 30, ఉగాది రోజు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఆ భూమి మీద దాదాపు ఇరవై ఏళ్ళ కోర్టు గొడవ ఉంది, 2003లో ఒక స్పోర్ట్స్ కంపెనీకి ఇవ్వడం, 2006లో రద్దు చెయ్యడం, చివరికి 2024లో ప్రభుత్వానిదే అని తేలడం. పట్టా ఎవరిది అన్న వాదనకే అతుక్కుని ఉంటే స్టూడెంట్స్ అక్కడే ఆగిపోయేవాళ్ళు. వాళ్ళు అడిగిన ప్రశ్న వేరు. భూమి ఎవరిదైనా, అక్కడ చెట్లున్నాయి, చెరువులున్నాయి, జింకలు నెమళ్ళు ఉన్నాయి, ఏ పర్మిషన్‌తో రాత్రికి రాత్రి నరుకుతున్నారు? పోలీసులు ఈడ్చుకెళ్తున్నా ఫోన్లలో వీడియోలు బయటికి పంపుతూనే ఉన్నారు, యూనియన్ క్లాసుల బహిష్కరణ పిలుపిచ్చింది, పర్యావరణం వాళ్ళు హైకోర్టుకెళ్ళారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తనే కేసు తీసుకుని నరకడం ఆపమంది, తర్వాతి వాయిదాలో కోర్టు ప్రభుత్వాన్ని అడిగింది కూడా అదే, చెట్లు కొట్టడానికి పర్మిషన్ తీసుకున్నారా అని.

అంత త్వరగా అది ఎలా కుదిరింది? నా అభిప్రాయంలో ఆ క్యాంపస్‌లో ఎన్నికైన యూనియన్ ఉండటం, ఏటా ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీ చేసే ఏబీవీపీ, ఎస్ఎఫ్ఐ, ఏఎస్ఏ (అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్) లాంటి స్టూడెంట్ సంఘాలు బతికి ఉండటం పెద్ద కారణం. ఎప్పుడూ కొట్లాడుకునేవాళ్ళే, కాబట్టి ఎవరి బలం ఎంత, ఎవరు ఏ హాస్టల్‌ని కదపగలరు అన్నది అందరికీ తెలుసు. ఎన్నిక లేని క్యాంపస్‌లో ఆ రోజు ముందుకొచ్చి "నేను అందరి తరఫున మాట్లాడుతున్నా" అనే హక్కు ఎవరికుంటుంది? ఆ మార్చిలోనే ఉస్మానియాలో డిపార్ట్‌మెంట్ల దగ్గర ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చారు. రెండు క్యాంపస్‌ల మధ్య బస్సులో గంటన్నర దూరం.

ఇంత చేశాక, పార్టీలోకి వెళ్ళాలనిపిస్తే తప్పకుండా వెళ్ళండి, పార్టీలంటే నాకేం చిన్నచూపు లేదు. పార్టీ లేకుండా చట్టం మారదు, బడ్జెట్ మారదు. సీపీఐ వైపు ఏఐఎస్ఎఫ్ 1936 నుంచి ఉంది, ఆరెస్సెస్ వైపు ఏబీవీపీ 1949 నుంచి, సీపీఎం వైపు ఎస్ఎఫ్ఐ 1970, కాంగ్రెస్ వైపు ఎన్‌ఎస్‌యూఐ 1971, ప్రాంతీయ పార్టీలన్నిటికీ స్టూడెంట్ విభాగాలున్నాయి. చేరే ముందు ఒక్కటి చూడండి. వాళ్ళ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద ఆ స్టూడెంట్ విభాగం ఏం మాట్లాడింది? ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కలెక్టరేట్ ముట్టడి చేసి, ప్రభుత్వం రాగానే నోరు మూసుకుంటే అక్కడ మీకు నేర్చుకోవడానికి ఏమీ లేదు. సొంత ప్రభుత్వాన్ని ఒక్కసారైనా గట్టిగా అడిగిన చరిత్ర ఉంటే అక్కడ మనుషులున్నట్టు. ఇంకోటి, అమ్మాయిలకి: మీటింగ్‌లో మిమ్మల్ని మినిట్స్ రాయడానికి, గెస్ట్‌లకి బొకే ఇవ్వడానికి మాత్రమే పిలుస్తుంటే రెండో మీటింగ్‌లోనే మాట్లాడే టైమ్ అడగండి, ఇవ్వకపోతే బయటికి రండి, మీ టైమ్ విలువైంది.

కేసుల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ధర్నాకి వెళ్తే కేసు పడొచ్చు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్‌కి కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాల్సి వస్తుంది, ఎమ్మెస్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. గవర్నమెంట్ జాబ్ అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడుగుతారు, ఉంటే రాయండి, దాస్తే అసలు కేసు కన్నా దాచడమే మెడకి చుట్టుకుంటుంది. అరెస్ట్ చేస్తే ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, లాయర్‌తో మాట్లాడే హక్కుంది, సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్ళని మామూలుగా అరెస్ట్ చెయ్యకూడదు, తప్పదంటే మహిళా ఆఫీసర్ ముందుగా మేజిస్ట్రేట్ పర్మిషన్ తీసుకోవాలి. ఇవి తెలిసి వెళ్ళడం వేరు, తెలియకుండా వెళ్ళడం వేరు.

ఇంకా ముఖ్యమైన మాట ఇది. 2009లో శ్రీకాంతాచారి దగ్గర్నుంచి ఎంతమంది పిల్లలు తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్నారో మనం చూశాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల. హాస్టల్ నుంచి వెలివేసినట్టు బయటికి పంపిన సంస్థని, ఆ ఒంటరితనాన్ని తప్పుబట్టాలి, నేను తప్పుబడతాను. కానీ ఇప్పుడు క్యాంపస్‌లో ఉన్న మీతో చెప్పేది, ఏ ఉద్యమానికీ మీ ప్రాణం అక్కర్లేదు, మీరు కావాలి, ముప్పై ఏళ్ళు వచ్చాక, నలభై వచ్చాక కూడా మీరు కావాలి. మీ పక్కన పోరాడే ఫ్రెండ్ మెసేజ్‌లకి జవాబివ్వడం మానేస్తే, మెస్‌కి రావడం మానేస్తే, మీటింగ్ ఆపి ముందు ఆ రూమ్‌కి వెళ్ళండి, ఒంటరిగా వదలకండి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.

క్యాంపస్ వదిలి ఉద్యోగాలు చేస్తున్న మాలాంటి వాళ్ళకి కూడా పనుంది. డిగ్రీ అయి మూడేళ్ళు దాటినవాళ్ళు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు కోసం ఫారం 18 పెట్టాలి, ఆ లిస్ట్ ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారుచేస్తారు, పోయినసారి ఉంది కదా అనుకుంటే ఉండదు. అందులో పేరు ముందు అంకె వేసే పద్ధతి, డిగ్రీలు చదివినవాళ్ళ ఓట్లే వేలల్లో చెల్లకుండా పోతున్నాయి, ముందే చూసుకుని వెళ్ళాలి. ఇంకా పెద్ద పని జామీను. స్టూడెంట్స్‌కి బెయిల్ వచ్చినా జామీను సంతకం పెట్టే మనిషి దొరక్క లోపలే ఉండిపోయే రోజులుంటాయి. ఊరి నుంచి నాన్న పాస్‌బుక్ పట్టుకుని రావాలి, ఆయనకి అసలు విషయమే తెలియదు. మా బ్యాచ్ గ్రూపులో పే స్లిప్ ఇచ్చి జామీనుకి వచ్చేవాళ్ళ పేర్లు, ఏ సిటీలో ఎవరు, ఫోన్ చేస్తే ఎంతసేపట్లో కోర్టుకి రాగలరు అని ఒక లిస్ట్ రాసుకున్నాం, ఫీజు తీసుకోకుండా చూసే లాయర్లని కూడా కలిపాం. మీ బ్యాచ్‌లో అలాంటి లిస్ట్ లేకపోతే ఈ ఆదివారం మొదలెట్టండి, కాలేజీలో ఉన్న జూనియర్లకి అది ఉందని చెప్పండి.